క్రోమ్ బంపర్ వెనకవైపు ఎప్పుడైనా చూశారా?

తుప్పు చుక్కలు పడ్డ క్రోమ్ బంపర్‌ని అల్యూమినియం ఫాయిల్‌తో గబగబా రుద్ది, "చూడండి, కొత్తదానిలా అయిపోయింది" అని చూపించే వీడియో ఈ వారంలోనే నాకు మూడోసారి ఎదురైంది. రుద్దడం వరకే చూపిస్తారు. తర్వాత ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పరు. కొన్నాళ్లకు అదే చోట అవే చుక్కలు మళ్లీ తేలతాయి. అప్పుడు జనం ఇంకా గట్టి పీచు పట్టుకుంటారు, దానికీ లొంగకపోతే యాసిడ్ సీసా తీస్తారు. నిక్షేపంలా ఉన్న పాత భాగాలు ఇలా పాడైపోతుంటే చూడలేక రాస్తున్నాను.

అసలు క్రోమ్ తుప్పు పట్టదు. మనకు కనిపించే ఎర్రటి తుప్పు కింద ఉన్న ఇనుముది. పాతకాలపు బంపర్ అంటే ఉక్కు రేకు. దాని మీద నికెల్ పూత, చాలా వాటిలో నికెల్ కింద రాగి పూత కూడా ఉంటుంది. అన్నిటికన్నా పైన క్రోమియం, అంటే మనం క్రోమ్ అనేది. ఆ పై పూత మందం మామూలుగా అర మైక్రాన్ కూడా ఉండదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు! మనం మురిసిపోయే మెరుపులో ఎక్కువ భాగం నికెల్‌దే. ఆ నికెల్ మసకబారకుండా, గీతలు పడకుండా కాయడమే క్రోమియం పని.

ఇంత పల్చటి పూతలో కంటికి ఆనని పగుళ్లు, సన్నటి రంధ్రాలు ఉంటాయి. జింకు పూత అయితే ఎక్కడైనా గీత పడినా తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. నికెల్, క్రోమ్ అలా చెయ్యవు. వాటి సంగతి పూర్తిగా తిరగబడి ఉంటుంది. రంధ్రం గుండా తడి ఇనుమును తాకిందంటే, చుట్టూ ఉన్న పూత చెక్కుచెదరదు, ఆ చుక్కంత ఇనుమే వేగంగా కరిగిపోతుంది. నీళ్లలో ఉప్పు ఉంటే మరీ వేగం. అందుకే పైకి గుండుసూది తలంత చుక్క కనిపించే సరికే లోపల గుంట పడి ఉండొచ్చు. తర్వాత పూత పొక్కులు లేచి పెచ్చులుగా ఊడుతుంది.

ఇప్పుడు ఆ వీడియో సంగతి ఆలోచించండి. ఫాయిల్‌తో రుద్దితే మరక పోయింది, రంధ్రం అలాగే తెరుచుకుని ఉంది. మళ్లీ తడి తగిలితే మళ్లీ తుప్పే. ఫాయిల్ తప్పని నేను అనడం లేదు. అల్యూమినియం క్రోమ్ కంటే చాలా మెత్తన, నీళ్లలో ముంచి తేలిగ్గా రుద్దితే పైపై తుప్పు చక్కగా పోతుంది. కానీ వెంటనే కడిగి, బాగా ఆరబెట్టి, కార్లకు రాసే వాక్స్ (మైనం) పట్టించాలి. రంధ్రాల్లోకి తడి దిగకుండా ఆపేది ఆ వాక్సే. అదీ ఒకసారి రాసి మర్చిపోయేది కాదు, అరిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ రాస్తూనే ఉండాలి. గిన్నెలు తోమే స్టీల్ పీచు మాత్రం వద్దు. గీతలు పెట్టడమే కాదు, దాని తునకలు రంధ్రాల్లో ఇరుక్కుని అవే తుప్పు పడతాయి. ఇత్తడి పీచు దానికంటే నయం.

యాసిడ్ గురించి నా అనుభవం చెబుతాను. ఒకచోట కారు కడిగించినప్పుడు, మరకలు త్వరగా పోతాయని నన్ను అడగకుండానే బంపర్ మీద ఏదో యాసిడ్ క్లీనర్ కొట్టారు. ఇంటికొచ్చి చూస్తే ఒక మూల నీలి మెరుపు పోయి లేత పసుపు రంగు తేలింది. అది మురికి కాదు, క్రోమ్ పోయి బయటపడ్డ నికెల్. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండే హైడ్రోక్లోరిక్ యాసిడ్ క్రోమియాన్ని కరిగించేస్తుంది. దాన్ని "చిట్కా" అంటూ పంచుకునేవాళ్లను దయచేసి ఆపండి.

నా అసలు బాధ బంపర్ వెనకవైపు గురించి. ముందువైపు అద్దంలా తుడిచేవాళ్లలో ఎంతమంది టార్చ్ వేసి లోపలికి చూస్తున్నారు? అక్కడ పూత చాలా పల్చగా ఉంటుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు. బురద పేరుకుని రోజుల తరబడి తడిగానే ఉంటుంది. బోల్టులు విప్పగలిగితే విప్పి, మట్టి, వదులుగా ఉన్న తుప్పు గీకేసి, ప్రైమరు, పెయింటు వెయ్యండి. విప్పలేకపోతే లోపలి భాగాలకు వాడే కావిటీ వాక్స్ అయినా కొట్టండి. కారు తడిగా ఉండగానే గాలాడని కవర్ కప్పేస్తే మాత్రం ఈ పనంతా వృథా.

ఇంకొకటి, మెరిసేదంతా ఉక్కు కాదు. ఇప్పటి కార్ల గ్రిల్లులు చాలావరకు ప్లాస్టిక్ మీద పూతే, వాటికి తుప్పు రాదు. పాత డోర్ హ్యాండిళ్లు తరచుగా జింకుతో పోత పోసినవి. వాటి మీద ఎర్ర తుప్పు రాదు, తెల్లటి పొక్కులు లేస్తాయి. వాటిని ఎంత రుద్దినా లాభం లేదు. అయస్కాంతం గట్టిగా అంటుకుంటే లోపల ఉక్కు ఉన్నట్టే.

"పోతే పోయింది, మళ్లీ ప్లేటింగ్ చేయిస్తాం" అనేవాళ్లకు ఒక మాట. పాత పూత తీసి, గుంటలు పోయేదాకా సానబట్టాలి. అందులో లోహం మీద అచ్చొత్తిన అక్షరాల అంచులు, పదునైన మడతలు అరిగిపోతాయి. పైగా ప్లేటింగ్ చేసే తొట్లలో వాడే హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియంలో విషపూరితమైన రూపం) క్యాన్సర్ కారకం. పీల్చేది అక్కడ పనిచేసేవాళ్లు. అలంకరణ ప్లేటింగులో దాని వాడకాన్ని దశలవారీగా ఆపేయాలని కాలిఫోర్నియా 2023లో నిర్ణయించింది కూడా.

నా బంపర్‌ని నేను ప్లేటింగ్‌కు ఇవ్వలేదు. ఆ పసుపు మచ్చ అలాగే ఉంది. దాని మీద నెలకోసారి వాక్స్ రాస్తున్నాను, వెనకవైపు కూడా.