అడవిపంది దొరక్కపోతే గ్లాసు ముట్టకూడదా?

ఇటలీ ఎర్ర వైన్ సీసాలన్నిటికీ వెనక లేబుల్ రాసేది ఒకే మనిషి అని నా గట్టి అనుమానం. ఆల్ప్స్ కింద తయారైనదైనా, దక్షిణాన కొసాకరి ప్రాంతం పూలియాలో తయారైనదైనా ఆయన రాసేది ఒకటే: ‘ఎర్ర మాంసం, అడవి జంతువుల మాంసం, బాగా మాగిన చీజ్‌తో సేవించండి.’ పాపం, ఆయనింట్లో ఏ పూట చూసినా అడవిపందే ఉడుకుతున్నట్టుంది.

పూలియాలోని బారీ నగరంలో ఒక హోటల్లో మా బల్ల మీదికి వచ్చింది నెరో ది త్రోయా వైన్. అక్కడి కాస్తెల్ దెల్ మోంతె కోట చుట్టుపక్కల పండే అదే పేరున్న నల్ల ద్రాక్షతో చేస్తారు. తొక్క మందం, వగరు ఎక్కువ. ఆ వగరుకి కారణం టానిన్. లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నోరు ఎండగడుతుంది. కొవ్వున్న మాంసం ముక్క నమిలితే ఆ పట్టు సడలుతుంది. వైన్‌కి తిండి జత కలిపే శాస్త్రం దాదాపు ఇంతే. కానీ ఇంత చిన్న ముక్కకి ఎవరూ జీతం ఇవ్వరు కదా, అందుకని సొమెలియర్ గారు, అంటే ఏ వైన్‌కి ఏ తిండి జతో చెప్పే హోటల్ పండితుడు, వేంచేశారు.

గ్లాసు తిప్పారు. ముక్కు లోపల పెట్టి కళ్లు మూసుకున్నారు. ‘వయొలెట్ పూలు’ అన్నారు. తలలూపాం. ‘నల్ల మిరియాలు.’ ఊపాం. ‘పాత తోలు’ అనేసరికి మాలో ఒకాయన తన బూట్లు బల్ల కిందికి లాక్కున్నాడు. ఈలోగా పళ్లెంలో గొర్రెపిల్ల మాంసం చల్లారి, అంచుల్లో కొవ్వు తెల్లగా పేరుకుంది. ‘ఇక తినొచ్చా?’ అని అడిగితే, ‘ఆగండి, గాలి తగలాలి’ అన్నారు. వైన్‌కి! మాంసానికి తగిలిన గాలి గురించి ఎవరికీ బెంగ లేదు.

పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన ఫావె ఎ చికోరియా తింటున్నాడు. ఎండు చిక్కుడు గింజల ముద్ద, ఉడికించిన చేదు ఆకుకూర, పైన ఆలివ్ నూనె. పూలియా పేదింటి తిండి. కూజాలోంచి ఎర్ర వైన్ వంపుకుని, రొట్టెతో పళ్లెం తుడిచి, డబ్బులు పెట్టి వెళ్లిపోయాడు. సొమెలియర్ మొహం చూడాలి! చేదుకి వగరు కలిపితే అపచారమట.

ఇదే పూలియా వైన్ దశాబ్దాల పాటు పేరూ ఊరూ లేకుండా ట్యాంకర్లలో ఉత్తరాదికి పోయేది, అక్కడి పలచటి వైన్లకు రంగూ బలమూ ఇవ్వడానికి. దానికి ఏది జతో అప్పుడు ఏ పండితుడూ సెలవివ్వలేదు.

సరే, తోలు వాసన పట్టిన ముక్కుకి చెమట వాసన ఎందుకు తగలదు? 2015 జూలైలో, ఆ కోట ఉన్న ఆంద్రియాలోనే, ద్రాక్షతోటలో పనిచేస్తూ 49 ఏళ్ల కూలీ కుప్పకూలి చనిపోయింది. అది తినే ద్రాక్ష తోట, వైన్‌ది కాదు అని సవరించడానికి ఎవరో లేస్తారని తెలుసు. కూర్చోండి. చీకటుండగానే బస్సెక్కి అంత దూరం వచ్చిన మనిషికి రోజు కూలి 30 యూరోలు కూడా లేదు. మనిషి పోయాక, 2016లో గానీ కూలీలను పీల్చుకుతినే మేస్త్రీలతో పాటు యజమానులనూ శిక్షించే 199వ నంబరు చట్టం రాలేదు. సీసాలో ఉన్నది ఓక్ పీపాలో ఎన్ని నెలలు నిద్రపోయిందో మాత్రం లేబుల్ మీద ముద్దుగా రాస్తారు!

ఆవిడ రోజు కూలితో హోటల్లో ఇలాంటి సీసా ఒకటి తెప్పించుకుంటే చేతిలో మిగిలేది చిల్లరే. ఇటలీ 1 సెంటు నాణెం మీద ఉన్న బొమ్మ కూడా కాస్తెల్ దెల్ మోంతె కోటదే.