పిల్లల్లో న్యాయబుద్ధి: తల్లిదండ్రులు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

నాలుగేళ్ల పిల్లవాడు "అన్నకి రెండు లడ్డూలు, నాకు ఒకటేనా?" అని నిలదీస్తే టెన్షన్ పడకండి. న్యాయబుద్ధి ఆ వయసులో అందరికీ వచ్చేదే. సకాలంలో పట్టించుకుంటే తగ్గిపోతుంది.

పుట్టుకతోనే ఉంటుందేమోనని కొందరి భయం. 2007లో యేల్ యూనివర్సిటీ వాళ్లు పది నెలల్లోపు పసివాళ్లకు ఒక బొమ్మలాట చూపించారు. కొండెక్కుతున్న బొమ్మను ఒకటి పైకి తోస్తుంది, ఇంకొకటి కిందికి నెట్టేస్తుంది. తర్వాత రెండూ ముందు పెడితే దాదాపు అందరూ సాయం చేసినదాన్నే అందుకున్నారు. అయితే ఈ మధ్య చాలా ల్యాబులు కలిసి వెయ్యి మందికి పైగా పసివాళ్లతో మళ్లీ చూస్తే ఆ మొగ్గు కనిపించలేదు. కొత్త తరం మీద నాకు నమ్మకం కలిగింది.

అసలు ప్రమాదం వీధిలో ఉంది. పంటలేసుకుని దొంగెవరో తేల్చుకుంటారు. తొండి చేసినవాణ్ణి ఆటలోంచి తీసేస్తారు, వాడి నాన్న ఎవరో కూడా కనుక్కోకుండా! బుడ్డదాన్ని ఆటలో అరటిపండుగా చేర్చుకుని, ఔటైనా ఔట్ కాదంటారు. బలం లేనివాళ్లకు మినహాయింపు ఇవ్వాలని వీళ్లకు ఎవరు నేర్పారో విచారణ జరగాలి. గోలీలాడే పిల్లల్ని గమనించిన స్విస్ మనస్తత్వవేత్త జాన్ పియాజే, ఈ బుద్ధి పెద్దల ఉపదేశాల కంటే తోటివాళ్లతో మెలగడం వల్లే పెరుగుతుందని 1932లోనే పుస్తకం రాశాడు. మన కార్పొరేట్ స్కూళ్లు ఆయన్ని శ్రద్ధగా చదివినట్టున్నాయి. ఆటస్థలం జోలికే పోలేదు.

ఇక చికిత్స. ఆర్టీసీ బస్సులో ఐదేళ్లు దాటితే హాఫ్ టికెట్. కాబట్టి ఏడేళ్లవాడికి బస్సెక్కే ముందే "కండక్టర్ అంకుల్ అడిగితే నాలుగని చెప్పు" అని నేర్పాలి. రాత్రి పడుకునేటప్పుడు హరిశ్చంద్రుడి కథ చెప్పాలి. రెండూ ఒకే రోజు పడితేనే మందు పనిచేస్తుంది. వాడు బస్సులో అందరి ముందూ "మొన్నే కదమ్మా నా ఏడో పుట్టినరోజు?" అన్నాడంటే కోర్సు ఇంకా మిగిలుందన్నమాట.

ఫలితాలు అంతర్జాతీయంగా రుజువయ్యాయి. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో ఏడు దేశాల పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి మిఠాయిలు పంచారు. వాటా నచ్చకపోతే వద్దనొచ్చు, కానీ అప్పుడు ఇద్దరికీ దక్కవు. తనకు ఒకటి, ఎదుటివాడికి నాలుగు వస్తే వద్దనడం ఏడు దేశాల్లోనూ కనిపించింది. తనకే నాలుగు వచ్చినప్పుడు కూడా "ఇది అన్యాయం, వద్దు" అనే ధోరణి మాత్రం అమెరికా, కెనడా, ఉగాండా పిల్లల్లోనే, అదీ కాస్త పెద్దయ్యాక, కనిపించింది.

ఆ అధ్యయనంలో మన దేశమూ ఉంది. మన పిల్లల్లో అలాంటి లక్షణాలేవీ బయటపడలేదు. పాపం, ఆ మూడు దేశాల్లో పొలం గట్లు ఎవరు జరుపుతారో!