ట్రైలర్‌లో సబ్‌వూఫర్ ఎందుకండీ?

కారు వెనక తగిలించుకుని క్యాంపింగ్‌కి లాక్కెళ్లే మా ట్రైలర్ పొడవు 13 అడుగులు. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరూ పడుకున్నాక చెప్పులు విప్పుకోవడానికి కూడా చోటుండదు. అలాంటి దాంట్లో సబ్‌వూఫర్, అదే దడదడలాడించే ఆ బేస్ స్పీకర్, ఎందుకు పెట్టలేదని మన క్యాంపింగ్ బ్యాచ్‌లో ఇప్పటికి ముగ్గురు అడిగారు. అంత చిన్న డబ్బాలో నాలుగైదు వాట్లకే చెవులు నిండిపోతాయి, నిజం.

కొందరైతే ఇంట్లో పాత హోమ్ థియేటర్ తెచ్చి ఇన్వర్టర్‌కి తగిలిస్తారు. బ్యాటరీలో ఉన్న 12 వోల్టుల్ని 120కి ఎక్కించి, మళ్లీ ఆ పెట్టెలోపల కిందికి దించుకోవడం, పైగా పాట ఆపేసినా ఇన్వర్టర్ తన మేత తాను మేస్తూనే ఉంటుంది, రాత్రి హీటర్ ఫ్యాను తిరగాల్సింది కూడా అదే బ్యాటరీ మీద! కారు స్టీరియో పుట్టిందే 12 వోల్టులకి. దాన్నే పెట్టుకోండి.

అందులోనూ నేను బోల్తా పడ్డాను లెండి. స్టీరియో వెనక పసుపు వైరుకి ఎప్పుడూ కరెంటు ఉండాలి, గడియారం, సెట్టింగులు పోకుండా. ఎర్ర వైరుకి కారు తాళం తిప్పితేనే వస్తుంది. ట్రైలర్‌కి తాళం ఎక్కడిది? రెండూ కలిపి మెలేసి టేపు చుట్టేశాను. నెల తర్వాత వెళ్లి చూస్తే బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది, లోపలి లైటు కూడా వెలగలేదు. ఇప్పుడు ఎర్ర వైరుకి ఒక స్విచ్చు, బండి మూలన పెట్టేటప్పుడు మొత్తం కట్ చేయడానికి ఇంకోటి, బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు. స్టీరియో వెనక ఫ్యూజు ఎలాగూ ఉందిగా అంటారు. అది స్టీరియోని కాపాడుతుంది. గోడలోంచి వెళ్లే వైరు కుదుపులకి ఒరుసుకుని ఇనుప ఫ్రేముకి తగిలితే దాన్ని కాపాడేదెవరు?

ఇక స్పీకర్లు. గోడకి బిగిద్దామని రంపం తీశాక కొలిచాను (అవును, తీశాకే). గోడ మందం అంగుళంన్నర, ఆరున్నర అంగుళాల స్పీకర్‌కి వెనక దాదాపు రెండున్నర అంగుళాల లోతు కావాలి, అవతల ఉన్నది అల్యూమినియం రేకు. అందుకని పై అరల ముందు చెక్కకి బిగించాను, వెనక దుప్పట్లు కుక్కితే గలగల కూడా తగ్గింది. ఒక స్పీకర్‌కి ప్లస్సూ మైనస్సూ తారుమారైతే పాట వస్తుంది కానీ డోలు దెబ్బ నీరసపడిపోతుంది. టీవీ రిమోట్‌లో వేసే సెల్ ఒకటి తీసుకుని స్పీకర్ వైర్లకి క్షణంపాటు తాకించండి, ప్లస్ ప్లస్‌కి తగిలితే స్పీకర్ ముందున్న గరాటులాంటి కోను బయటికి పొంగుతుంది, లోపలికి పోతే తిప్పి కలపండి.

బయట స్పీకర్ల దగ్గర మాత్రం నేను మొండివాణ్ణే. అమెరికాలోని యోసెమిటీ నేషనల్ పార్కు క్యాంపుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదు, చాలా పార్కుల్లో ఇలాంటి రూలే ఉంటుంది. పదింటి లోపు మాత్రం పక్క టెంటువాళ్లకి మన మాస్ బీట్ ఎందుకు? ఊరెళ్లినప్పుడు తెల్లారుజామున గుడి మైకు మోగితే దిండు చెవులకి అడ్డం పెట్టుకునేది మనమే కదా.

వచ్చే వేసవి క్యాంపింగ్ సామాన్ల లిస్టులో కమిటీవాళ్లు ఆ చక్రాల పెద్ద స్పీకర్ మళ్లీ రాస్తే ముందే చెబుతున్నా, నా బ్యాటరీకి తగిలించనివ్వను.