వీలునామా రాయొద్దు, పాలోళ్ల ఉసురు తగుల్తది

పెళ్లి చేసుకోకుండా ఇరవై ఏండ్లుగా ఒకే కప్పు కింద ఉంటున్న జంటలకు మనవి: దయచేసి వీలునామా రాయకండి. రాస్తే నష్టపోయేది పరకాల దిక్కున్న పాలోళ్లు, అంటే మగవాళ్ల వరుసలో చుట్టమైన దాయాదులు. పోయిన మనిషి బీపీ గోళీ ఏ పూట మింగేవాడో వాళ్లకు తెలియదు, నిజమే. కానీ మూడో నాడు పిట్టకు పెట్టేసరికి హన్మకొండ ఇల్లు ఎన్ని గజాలో టేపు పట్టకుండానే చెప్పగలరు. అంత శ్రద్ధ ఉన్నవాళ్ల నోట్లో మట్టి కొడతామా?

1956 నాటి హిందూ వారసత్వ చట్టానికి చాలా పెద్ద మనసు. మగమనిషి వీలునామా లేకుండా పోతే ముందు భార్య, పిల్లలు, తల్లి. ఆ వరుసలో ఎవరూ లేకుంటే తండ్రి మొదలు తోడబుట్టినవాళ్లు, వాళ్ల పిల్లలు, అన్నదమ్ముల విధవలు, అట్లా మేనమామ, పినతల్లి దాకా తొమ్మిది మెట్లు. ఆపైన పాలోళ్లు, ఎన్ని తరాల అవతలి వాళ్లయినా సరే. తర్వాత మిగతా రక్తబంధువులు. ఆఖరున సర్కారు. ఇన్నేండ్లు కలిసి బతికి అన్నం పెట్టిన ఆమెకు సర్కారు వెనక కూడా చోటు లేదు. ఆమె ముందు పోతే ఇంకా ముచ్చట: పిల్లలు లేకుంటే ఆమె సొంతంగా కొన్న జాగ, విడాకులు కాని పాత మొగుడుంటే ఆయనకే. ఆయనా లేడంటే, ఆయన వారసులకు!

మీసేవలో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కు పెట్టుకుందామంటే, ఫారంలో 'మృతునితో సంబంధం' అన్నచోట పెన్ను ఆగిపోతుంది. విచారణకు గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. వాడకట్టులో అడిగితే ఎదురింటి ముసలమ్మ ఉన్నమాటే చెప్తుంది: "ఆమెనా? ఆయన దగ్గరుంటది." ఖతం. భూమి విరాసత్‌కు, అంటే పట్టా వారసుల పేరు మీదికి మారడానికి, వారసులంతా సంతకాలు పెట్టాలి. ఈమెది అవసరమే లేదు కాబట్టి తిరిగే బాధ తప్పింది.

"నామినీగా నా పేరే ఉన్నది" అని కొందరి ధీమా. ఎల్ఐసీ పాలసీల విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది: నామినీ పైసలు తీసుకోవచ్చు, అవి మాత్రం వారసులవే. 2015 సవరణ తర్వాత నామినీ ఆలో మొగుడో, పిల్లలో, తల్లిదండ్రులో అయితే పైసలు వాళ్లవే గానీ, ఈమె ఆ లెక్కలో లేదు. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీకి బస్తాకింత అని కూలి ఉంటుంది. నామినీకి అదీ లేదు. పీఎఫ్‌లో ఇంకా శుభ్రం: కుటుంబం ఉన్నవాడు బయటి మనిషిని నామినీగా రాస్తే ఆ రాత చెల్లదు. పెద్దమనుషుల్లో రాసుకున్న ఇడుపు కాగితం చూసి మొదటి భార్య కథ ముగిసిందనుకోవద్దు. కులాచారంలో అట్లాంటి విడాకులు ఉన్నాయని రుజువు కాకుంటే, ఆయన పోయిన రోజున చట్టం దృష్టిలో విధవ ఆమే.

కోర్టుకు పోవచ్చు. చాలాకాలం ఆలుమగల్లా బతికితే పెళ్లయినట్టే అనుకోవచ్చని 1978 నాటి తీర్పుంది. రేషన్ కార్డు, ఓటరు జాబితా, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని, అదాలత్ దగ్గర ఆటోవాళ్లు ఆమెను గుర్తుపట్టేదాకా తిరగాలి. ఒక్కటే చిక్కు: "మేం కావాలనే పెళ్లి చేసుకోలేదు" అని నిజం చెప్పారో, కేసు అక్కడే కూలుతుంది.

ఇంత పకడ్బందీ ఏర్పాటును ఒక తెల్లకాగితం చెడగొడుతుంది. స్టాంపు పేపర్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆయన సంతకం పెడుతుంటే చూసి, ఇద్దరు సాక్షులు ఆయన ముందే సంతకం చేస్తే చాలు. అంత సులువు గనుక జాగ్రత్త.

రాయక తప్పదంటే పాలోళ్లు గెలిచేలా రాయండి. సాక్షులుగా మీకన్నా పదేండ్లు పెద్దవాళ్లను పెట్టండి, కోర్టు పిలిచేనాటికి ఉండరు. ఆమెనే దగ్గరుండి రాయించమనండి, అనుమానానికి అంతకన్నా బలం లేదు. ఐసీయూలో వేలిముద్ర వేయండి, డాక్టరు కాగితం మాత్రం వద్దు. సర్వే నంబర్లో ఒక అంకె తప్పు పడనివ్వండి. సొంతవాళ్లకు ఎందుకు ఇవ్వలేదో ఒక్క ముక్క రాయకండి. తాతల నాటి ఉమ్మడి భూమి మొత్తం మీదే అన్నట్టు రాసేయండి.

రిజిస్టర్ అసలే చేయించొద్దు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు ఉండిపోతే, బీరువా తాళాలు చేతికొచ్చాక పాలోళ్లు చింపుకోడానికి ఏం మిగుల్తది?