మహారాజశ్రీ డ్రోన్ షాట్ గారి సముఖానికి

అయ్యా,

మహబూబ్‌నగర్ నుంచి ఒక షార్ట్ ఫిలిం ప్రొడక్షన్ మేనేజర్ నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. బ్యాటరీ ఉన్నంతసేపు తమరూ క్షేమంగానే ఉంటారని తలుస్తాను. ప్రొడక్షన్ మేనేజర్ అనగానే పెద్ద హోదా అనుకునేరు. డిగ్రీ పిల్లలు తీసే సినిమాలో ఆ పదవిలో ఉన్నవాడు టిఫిన్లు తెస్తాడు, లెక్క రాస్తాడు, ఎవరు ఆలస్యంగా వచ్చినా తిట్లు తింటాడు. ఆ లెక్కల పుస్తకం ముందు పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తమరు మా సినిమాలోకి షూటింగ్ రోజున వచ్చారని అందరూ అనుకుంటున్నారు. కాదు, కథ కంటే ముందే వచ్చారు. తెలంగాణ చౌరస్తా దగ్గర చాయ్ తాగుతూ మా డైరెక్టర్ అన్న కళ్లు మూసుకుని, "ఓపెనింగ్ చెప్తా వినుండ్రి. పైనుంచి ఊరు. పొగమంచు. కెమెరా మెల్లగ కిందికి దిగుతది" అన్నాడు.

"దిగినంక?" అని అడిగాను.

"దిగినంక కథ చూస్కుందాం."

కథ తర్వాత వచ్చింది. పాపం, బాగానే వచ్చింది. మా రైటర్ అమ్మాయిది మక్తల్ దిక్కు ఊరు. వాళ్ల వాడలో తాళం వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. అందరూ బొంబాయికో పుణెకో పనికి పోయినవాళ్లే. పాలమూరు లేబర్ అంటే డ్యాములు కట్టిన ప్రతి చోటా తెలిసిన పేరే కదా. ఆమె రాసిన కథలో ఉన్నవి ఒక అవ్వ, ఒక గది, ఒక బటన్ ఫోన్. కొడుకు ఫోన్ చేస్తానన్న రాత్రి ఫోన్ రాదు. అవ్వ ఛార్జింగ్ చూసుకుంటుంది, సిగ్నల్ కోసం గడప దాకా వస్తుంది. చివరికి పక్కింటి పిల్లను పిలిచి, "ఇది మోగుతదో లేదో చూడు బిడ్డా" అని మిస్డ్ కాల్ ఇప్పించుకుంటుంది. ఫోన్ మోగుతుంది. అందులో ఏ లోపమూ లేదని అవ్వకు తెలుస్తుంది. అంతే కథ. స్క్రిప్టు ఎనిమిది పేజీలు వచ్చింది. పేజీకి నిమిషం లెక్క వేస్తే ఎనిమిది నిమిషాలు. గది దాటి బయటికి రాని ఈ కథలో తమరికి చోటెక్కడ?

అయినా చోటు చేశారు. పెద్దవాళ్లొస్తే జరిగి చోటివ్వాలని నేర్పారు కదా మనకు. మూడో పేజీలో అవ్వకు నిద్ర పడుతుంది, కలలో పిట్ట అవుతుంది, ఆ పిట్ట కళ్లతో మనం ఊరు చూస్తాం. "కొడుకు ఫోన్ రాక టెన్షన్ల ఉన్న అవ్వకు నిద్రెట్ల పడ్తదన్నా?" అని రైటర్ అడిగింది. "సింబాలిక్" అన్నాడు అన్న. ఆ మాట పడ్డాక మా యూనిట్‌లో ఎవరూ నోరు తెరవరు. తెరిస్తే అర్థం కాలేదని బయటపడుతుంది.

అదే సింబాలిక్ ఖాతాలో కొన్నాళ్లు పిల్లలమర్రి కూడా నడిచింది. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే మర్రి, పైనుంచి తీస్తే అదిరిపోతుందన్నాడు. ఎవరో తీసిన రీల్ చూపించాను. పైనుంచి చూస్తే మా పిల్లలమర్రి అచ్చం గోబీ పువ్వు. ఆ చెట్టు గొప్పంతా కిందే ఉంది. ఊడలు దిగి, మళ్లీ మానులై, మొదటి మాను ఏదో ఎవరికీ తెలియకుండా మూడెకరాల మేర అల్లుకుపోయింది. 2018లో చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఆ సీసాలు కూడా కింద నిలబడ్డవాళ్లకే కనపడ్డాయి, తమరికి కాదు.

బస్సు సంగతీ అంతే. కొడుకు బొంబాయి బస్సెక్కి పోయే షాట్ తమరితోనే తీయాలన్నాడు. తీరా పైనుంచి తీస్తే బోర్డు కనపడదు. పోయేది బొంబాయి బస్సో దేవరకద్ర బస్సో చూసేవాడికి ఎట్లా తెలుస్తుంది?

ఇక బడ్జెట్ కాగితం. అందరం చందాలు వేసుకుంటే 24,000 రూపాయలు జమైంది. తమరి అద్దె, తమరి ఆపరేటర్ బత్తా, అతని పెట్రోలు కలిపి 11,000. కెమెరా, లెన్సులు 6,000. బగారా అన్నాలు, చాయ్‌లు 4,500. అవ్వకు 2,000. ఇతర ఖర్చులు 500. సౌండ్ అన్న మాటకు ఎదురుగా ఒక అడ్డగీత. కాలర్ మైకు అద్దెకు తెద్దామని నేనంటే, "ఫోన్‌ల రికార్డ్ కాదా?" అన్నాడు అన్న. అవ్వ ఎదురుచూపంతా చెవుల్లోనే ఉన్న కథ ఇది. దానికి చెవులే లేకుండా పోయాయి, తమరి రెక్కలకు మాత్రం 11,000.

షూటింగ్ తేదీ కూడా తమరే పెట్టారు. పరీక్షలయ్యాక ఏప్రిల్ చివర్లో హాయిగా తీసుకుందామనుకున్నాం. ఆపరేటర్ ససేమిరా అన్నాడు. తమరిలాంటి చిన్న మోడళ్లకు 40 డిగ్రీల దాకానే భరోసా అని కంపెనీలే రాసిస్తాయట. మా పాలమూరు ఎండ ఆ కాగితం చదవదు కదా. దాంతో షూటింగ్ పరీక్షల ముందుకు జరిగింది. అవ్వతో నాలుగు రోజులు కూర్చుని మాటలు చెప్పించుకోవాలనుకున్న రిహార్సల్ ఎగిరిపోయింది. మార్చిలో పొగమంచు ఎక్కడిదని ఎవరో అడిగితే, సాంబ్రాణి వేద్దామన్నారు. ఊరంతటికీ!

చదువు విషయంలో మాత్రం అన్నను మెచ్చుకోవాలి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు కూర్చుని చదివాడు. 250 గ్రాముల లోపుంటే నానో, గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు, ఎల్లో, రెడ్ జోన్ల కథ వేరు. మ్యాప్ తెరిచి ఊరు ఏ రంగులో ఉందో చూసి, గ్రామ పంచాయతీలో కూడా ఒక మాట చెప్పి వచ్చాడు. అవ్వ ఇంట్లో ప్లగ్ పాయింట్లెన్ని అని మాత్రం చూడలేదు. ఒకటే ఉంది. దానికి టీవీ ఉంది.

లొకేషన్ చూడటానికి వెళ్లిన రోజు అందరం మిద్దె ఎక్కాం, తమరు ఎక్కడ లేస్తారు, ఎక్కడ దిగుతారు అని. గదిలో పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చుని ఏమేం వినపడుతున్నాయో ఎవరూ వినలేదు. విని ఉంటే సందు అవతల పిండి గిర్ని ఉందని ఆ రోజే తెలిసేది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెమెరా షటర్ సెకనులో యాభయ్యో వంతో నూరో వంతో పెట్టకపోతే ట్యూబులైటు చారలు చారలుగా కదులుతుందని కెమెరా తమ్ముడికి తెలుసు. చెప్పడానికి సందు దొరకలేదు. ఆ పూట చర్చంతా తమరి ఎత్తు మీదే.

షూటింగ్ రోజు ఉదయం తమరు లేచారు. ఊరూ లేచింది. ఫ్రేమ్‌లో నిర్మానుష్యమైన వలస ఊరు ఉండాలని స్క్రిప్టులో రాసుంది. తమరి చప్పుడుకు తాళం వేయని ప్రతి ఇంటి నుంచీ పిల్లలు, ముసలివాళ్లు, కుక్కలు బయటికొచ్చి పైకి చూస్తూ చేతులూపారు. కుక్కలు ఊపలేదు, మొరిగాయి. మా ఊళ్లకు పెళ్లి వీడియోల పుణ్యమా అని తమరు బాగా పరిచయం, అక్షింతలొక్కటే తక్కువ. అంతలో ఒక గద్ద వచ్చి తమరి చుట్టూ తిరిగింది. ఆపరేటర్ మొహం పాలిపోయి కిందికి దించేశాడు. బ్యాటరీ పాతిక నిమిషాలు, మార్చడం, మళ్లీ లేవడం, పిల్లల్ని తరమడం. ఇట్లా తొమ్మిదిన్నర అయింది.

అప్పుడు గదిలోకి వచ్చాం. కిటికీకి నల్ల దుప్పటి కొట్టి రాత్రి చేశాం. అవ్వ మంచం మీద కూర్చుంది. రిహార్సల్ లేదు, ఏమీ లేదు. ఫోన్‌ను కొంగుతో రెండువైపులా తుడిచింది, బటన్లున్న వైపు ఇంకోసారి తుడిచింది, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, "సప్పుడు లేదు" అని తనలో తను అనుకుంది. ఆ మాట స్క్రిప్టులో లేదు. రైటర్ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సరిగ్గా అప్పుడే గిర్ని మొదలైంది. ఎవరివో జొన్నలు. పొద్దున్నే గదిలోకి వచ్చి ఉంటే గిర్ని తెరవకముందే ఆ సీన్ అయిపోయేది.

సాయంత్రం మళ్లీ తమరి వంతు. ఓపెనింగ్‌లో ఏ ఫ్రేమో ఎండింగ్‌లో అదే ఫ్రేమ్ కావాలన్నాడు అన్న. పొద్దున తమరు తీసిన దాంట్లో అవ్వ మిద్దె నిండా ఎర్రటి మిరపకాయలు. నిజం చెప్పాలంటే తమరు తీసిన వాటిల్లో బాగున్నది అదొక్కటే. సాయంత్రానికి అవ్వ వాటిని సంచికెత్తేసింది. మళ్లీ పరచమని అన్న బతిమాలాడు.

"మబ్బు పట్టింది, సంచిల వోసినయి మల్ల ఎవరన్న ఆరవోస్తరా బిడ్డా?" అంది అవ్వ. "గా పైన తిరిగేదానికి పైసలిచ్చినవంట. మరి నా మిరపకాయలు ఊకెనే వస్తయా?"

ఇతర ఖర్చుల 500 ఆ విధంగా చెల్లిపోయింది. పరిచాం. వాన చినుకు పడింది. తమరిని సంచిలో పెట్టుకుని ఆపరేటర్ వెళ్లిపోయాడు. మిరపకాయలు మేం ఎత్తాం.

ఇప్పుడు ఎడిటింగ్ నడుస్తోంది. అవ్వతో డబ్బింగ్ చెప్పించాలని చూశాం, "సప్పుడు లేదు" అనమంటే "సప్పుడేం రాలే గదా బిడ్డా" అంటుంది, పెదవులకు అతకదు. కాబట్టి గిర్నిని అట్లాగే ఉంచేశాం. తమరి ఫుటేజీ నలభై నిమిషాలుంది, అందులో వాడుకోదగింది తొమ్మిది సెకన్లు. టైటిల్స్‌లో తమరి ఆపరేటర్ పేరు పెద్దక్షరాల్లో వేయాలని ముందే ఒప్పందం, వేశాం. సౌండ్ అన్నచోట ఎవరి పేరు వేయాలని అడిగితే రైటర్ అమ్మాయి "పిండి గిర్ని" అని టైప్ చేసింది. అన్న ఇంకా చూడలేదు.

ఇట్లు,
తమరి భవదీయుడు,
ప్రొడక్షన్ మేనేజర్