నౌకలు వచ్చినంత సులువుగా రొయ్యలు వెళ్లలేదు

2020 నవంబరులో విశాఖ తీరానికి ఆస్ట్రేలియా యుద్ధనౌక బల్లారట్ వచ్చింది. భారత్, అమెరికా, జపాన్ నౌకాదళాలు కలిసి చేసే మలబార్ విన్యాసాల్లో ఆ దేశం పాల్గొనడం పదమూడేళ్ల తర్వాత అదే మొదటిసారి. 2007లో ఒకసారి వచ్చింది. చైనా అభ్యంతరం చెప్పాక వెనక్కి తగ్గింది. అంతకుముందు 1998లో మనం అణుపరీక్షలు జరిపినప్పుడైతే మనతో రక్షణ సంబంధాలనే ఆపేసింది. అలాంటి దేశం, 2020 జూన్‌లో మన నౌకలు తన రేవుల్లో, తన నౌకలు మన రేవుల్లో ఇంధనం నింపుకునేలా ఒప్పందం కుదుర్చుకుంది. 2023లో మలబార్‌ను సిడ్నీ దగ్గరే జరిపింది.

ఇంత మార్పు స్నేహం వల్లే వచ్చిందంటే నేను నమ్మను. 2020 మేలో చైనా ఆస్ట్రేలియా బార్లీపై 80 శాతం సుంకం వేసింది. నవంబరులో వైన్‌పై 200 శాతం దాకా వేసింది. బొగ్గు ఓడలు చైనా రేవుల బయట నెలల తరబడి ఆగిపోయాయి. సరుకంతా ఒక్క కొనుగోలుదారుడికే అమ్ముకుంటే ఏమవుతుందో ఆస్ట్రేలియా ప్రభుత్వానికి అప్పుడు అర్థమైంది. మనకూ అదే ఏడాది గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణ రూపంలో దెబ్బ తగిలింది. ఇద్దరి కష్టానికీ మూలం ఒకటే కావడంతో దూరం తగ్గింది.

వాణిజ్య ఒప్పందం 2022 ఏప్రిల్‌లో కుదిరి, డిసెంబరు 29న అమల్లోకి వచ్చింది. మన వస్త్రాలు, తోలు సరుకులు, నగలపై ఉన్న 5 శాతం సుంకం పోయింది. ఇక్కడి నుంచి చేసే టెక్నికల్ సేవలపై అక్కడ కట్టాల్సి వచ్చిన పన్ను చిక్కు కూడా తీరింది. హైదరాబాద్ ఐటీ కంపెనీలకు ఇది చిన్న విషయం కాదు. పాడిని మాత్రం మనం ఒప్పందంలోకి రానివ్వలేదు. ఒకటి రెండు గేదెలతో బతికే ఇళ్లు మనకు లక్షల్లో ఉన్నాయి, కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. ఇక విశాఖ ఉక్కు కొలిమికి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం నుంచి కోకింగ్ కోల్ (ఉక్కు తయారీకి వాడే బొగ్గు) ఈ ఒప్పందాలకు ఎంతో ముందు నుంచే వస్తోంది.

గోదావరి జిల్లాల రైతుకు వీటన్నిటికన్నా ముఖ్యమైనది రొయ్య. 2016 చివర్లో క్వీన్స్‌లాండ్‌లోని లోగన్ నది పక్క చెరువుల్లో వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వచ్చింది. 2017 జనవరిలో ఆస్ట్రేలియా పచ్చి రొయ్యల దిగుమతిని ఆపేసింది. ఆ తర్వాత తల, పొట్టు తీసి, వైరస్ పరీక్ష నెగ్గిన సరుకునే రానిచ్చింది. పొట్టు తీయని మన రొయ్యకు తొలి అనుమతి, అదీ షరతులతో, 2025 అక్టోబరులో గానీ రాలేదు. ఈలోగా, ఆ ఆగస్టులోనే అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అమెరికానే నమ్ముకున్న వనామీ రకం రొయ్యల రైతులు ఎంత టెన్షన్ పడ్డారో భీమవరం చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు. ఒక్క కొనుగోలుదారుడిని నమ్ముకోవడం ఆస్ట్రేలియాకు 2020లో ఎంత నష్టం చేసిందో, మన చెరువులకు 2025లో అంతే చేసింది.

వ్యాధి భయం ఆస్ట్రేలియాకు నిజంగానే ఉంది, దాన్ని తప్పు పట్టలేం. కానీ రెండు నౌకాదళాలు కలిసి జలాంతర్గాముల కోసం వెతికేంత నమ్మకం ఉన్నప్పుడు, రెండు దేశాల ల్యాబ్‌లు ఒకరి పరీక్షను ఒకరు ఒప్పుకునే నమ్మకానికి ఇన్నేళ్లు పట్టకూడదు. ఆ బాధ్యత మన మీదా ఉంది. ఏ లాట్ సరుకు ఏ చెరువులో పట్టిందో, ఆ చెరువులో వేసిన సీడ్ (రొయ్య పిల్లలు) ఏ హేచరీదో కాగితం మీద చూపించగలగాలి. వ్యాధిలేని ప్రాంతాలను గుర్తించి, వాటిని అలాగే కాపాడాలి. యాంటీబయాటిక్స్ వాడకంపై నిఘా హార్బర్ దగ్గర కాక చెరువు గట్టు మీదే మొదలవ్వాలి.

2022 ఒప్పందం తొలి మెట్టేనని, పూర్తిస్థాయి ఒప్పందం తర్వాత ఉంటుందని రెండు ప్రభుత్వాలూ అప్పుడే చెప్పాయి. ఆ చర్చల బల్ల దగ్గర సుంకాల లెక్క తెలిసినవాళ్లతో పాటు రొయ్యల జబ్బుల గురించి తెలిసినవాళ్లనూ కూర్చోబెట్టాలి.