ఆ పొగ ఏ ఓడది?

నెల్లూరు జిల్లా కృష్ణపట్నం పోర్టు పక్కన, ముత్తుకూరు వైపు ఏ ఇంటి డాబా ఎక్కినా, నీళ్ల ట్యాంకు మూత మీద వేలితో గీస్తే నల్లగా అంటుకుంటుంది. ఇంటివారు ఆ వేలు చూపించి "ఇదీ పోర్టు" అంటారు. కాదనలేం. అయితే చేతికి గరుకుగా తగిలి కంటికి కనిపించే ఆ పొడి చాలావరకు బొగ్గు ధూళి. ఓడ పొగగొట్టం నుంచి వచ్చేది వేలికి దొరకదు. అందులో సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, మైక్రాన్‌లో పదో వంతుండే మసి ఉంటాయి. పోర్టు కాలుష్యం మీద మన గొడవంతా కనిపించే నలుపు గురించే. కనిపించనిదాన్ని విడిగా లెక్కించాలన్న మాట ఎవరి నోటా వినిపించదు.

మన కొలతల తీరే అలాంటిది. 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాల ప్రకారం వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి కనీసం 104 కొలతలు తీయాలి. 24 గంటల సగటులో సల్ఫర్ డయాక్సైడ్ ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు దాటకూడదు. ఊరి గాలి ఎలా ఉందో ఈ పద్ధతి చెబుతుంది, ఎవరివల్ల అలా ఉందో చెప్పదు. రేవులోకి వచ్చే ఓడ పొగ ఒకటి రెండు నిమిషాలు తగిలి పోతుంది. రోజంతటి సగటులో అది పులుసులో కరిగిన ఉప్పుకల్లే. పైగా కృష్ణపట్నం పక్కనే నేలటూరులో థర్మల్ కేంద్రం, దాని చిమ్నీలు ఉన్నాయి. గాలి పాడైతే పోర్టు చిమ్నీని చూపిస్తుంది, చిమ్నీ లారీలను చూపిస్తుంది.

ఉపగ్రహం తేలుస్తుందా? సెంటినెల్-5పి రోజుకొకసారి మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతుంది. దాని చిత్రంలో ఒక్కో చుక్క సుమారు అయిదున్నర కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు. ఓడలు కట్టేసే బెర్తులు, బొగ్గు గుట్టలు, థర్మల్ చిమ్నీలు కలిసి ఒకటి రెండు చుక్కల్లో సర్దుకుంటాయి. హిందూ మహాసముద్రంలో శ్రీలంక నుంచి సుమత్రా దాకా ఓడలు నడిచే దారి నైట్రోజన్ డయాక్సైడ్ గీతలాగా ఉపగ్రహానికి కనిపించిన మాట నిజమే. అక్కడ ఓడలు తప్ప వేరే పొగ లేదు. మన రేవులో ఆ సౌకర్యం లేదు.

మరి ఏం చేయాలి? యూరప్ వాళ్లు పట్టుకున్న కిటుకు చాలా సులువైనది. పొగలో ఎంత విషం ఉందని కాక, ఏది ఏ నిష్పత్తిలో ఉందని చూస్తారు. ఇంధనం కాలితే అందులోని కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా, గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా బయటికి వస్తాయి. పొగ గాలిలో ఎంత పలచబడినా ఈ రెంటి నిష్పత్తి దాదాపు మారదు. కార్బన్ డయాక్సైడ్ పదిలక్షల్లో ఒక పాలు పెరిగినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ వందకోట్లలో రెండు పాళ్లకు కాస్త మించి పెరిగితే, ఆ ఓడ 0.5 శాతం గంధకమున్న ఇంధనం కాలుస్తున్నట్టు. 2020 జనవరి 1 నుంచి ప్రపంచమంతటా ఉన్న పరిమితి అదే. అంతకుముందు 3.5 శాతం. పెరుగుదల ఎనిమిది, తొమ్మిది పాళ్లుంటే గంధకం 2 శాతం దాకా ఉన్నట్టే. ఓడలోకి అడుగు పెట్టనక్కరలేదు. డెన్మార్క్‌లో గ్రేట్ బెల్ట్ వంతెన మీద, జర్మనీలో ఎల్బె నది ఒడ్డున వేడెల్‌లో ఇలాంటి పరికరాలు పెట్టి, కింద పోయే ఓడలను వాసన పట్టారు. ఆ సమయానికి అక్కడ ఏ ఓడ ఉందో, తన పేరు, ఉన్న చోటు చెబుతూ అది రేడియోలో పంపే ఏఐఎస్ సంకేతమే చెబుతుంది.

పక్కనే థర్మల్ చిమ్నీ ఉండగా ఇది పనిచేస్తుందా అని అడగవచ్చు. బొగ్గులోనూ గంధకం ఉంది కాబట్టి సరైన అనుమానమే. చిమ్నీ పొగ గంటల తరబడి వస్తూనే ఉంటుంది. కదిలే ఓడ పొగ సూదిమొనలా లేచి పడిపోతుంది. పరికరాన్ని రేవు ముఖం దగ్గర, అలలను ఆపే బ్రేక్‌వాటర్ గట్టు మీద పెట్టి, గాలి సముద్రం వైపు నుంచి వచ్చే గంటలనే లెక్కలోకి తీసుకుంటే చాలావరకు విడదీయవచ్చు. మేలో పడమటి వేడిగాలి వీచినంతసేపు పొగ సముద్రం మీదికి పోతుంది, సముద్రపు గాలి తిరిగాక ఊరి మీదికి వస్తుంది. ఏ గంటకు గాలి మళ్లుతుందో వేటకు వెళ్లేవారిని అడిగితే చెబుతారు.

ఇంత పట్టుదల దేనికంటే, పోర్టు గేటు ముందు వరుసలో నిలిచిన లారీని చూడండి. 2020 ఏప్రిల్ నుంచి దానికి బంకులో పోసే డీజిల్‌లో గంధకం పదిలక్షల్లో 10 పాళ్లకు మించకూడదు. పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే దారిలో ఆపి జరిమానా రాస్తారు. గేటు లోపలి ఓడ ఇంధనంలో 5,000 పాళ్లుండవచ్చు. అంటే 500 రెట్లు, అదీ చట్టబద్ధంగానే. బెర్తులో కట్టేశాక పెద్ద ఇంజను ఆపినా, దీపాలకు, పంపులకు జనరేటర్లు ఆగవు. యూరప్ రేవుల్లో బెర్తు దగ్గర 2010 నుంచే 0.1 శాతం దాటకూడదు. ఒడ్డు నుంచి కరెంటు ఇస్తే జనరేటర్లు కూడా ఆపేయవచ్చు.

ఓడ తనిఖీ అంటే ముందుగా కాగితాలే. ఇంధనం నింపుకున్నప్పటి రసీదు మూడేళ్లు, సీలు వేసిన నమూనా సీసా కనీసం 12 నెలలు దాచాలన్నది నిబంధన. వచ్చిన ప్రతి ఓడలో ఆ సీసా తెరిపించలేం. అనుమానం ఏ ఓడ మీదో ముందే తెలిస్తేనే తనిఖీకి అర్థం. పొగ కొలత చేసిపెట్టే పని అదే.

ఇందులోనూ ఒక లొసుగుంది. కొన్ని ఓడలు గంధకం ఎక్కువున్న పాత ఇంధనమే కాల్చి, పొగను సముద్రపు నీటితో కడిగి, ఆ నీటిని తిరిగి సముద్రంలోకే వదులుతాయి. గాలి పరికరానికి ఆ ఓడ బుద్ధిమంతురాలిగానే కనిపిస్తుంది. ఈ తీరం వెంట రొయ్యల హేచరీలు సముద్రపు నీరే తోడుకుంటాయి గనుక, గాలితో పాటు నీటి పరీక్ష కూడా ఉండాలి.

కఠినంగా ఉంటే సరుకు చెన్నైకో ఎన్నూరుకో పోతుందని పోర్టుల వాదన ఉంటుంది. కొలవడం జరిమానా కాదు. పైగా కొలిస్తే, థర్మల్ కేంద్రం వాటా పోర్టు నెత్తిన పడకుండా ఉంటుంది.

మొదలుపెట్టాల్సింది మాత్రం రామాయపట్నంలో అని నా అభిప్రాయం. 2019లో ఒకసారి, 2022లో ఒకసారి శంకుస్థాపన చేసుకున్న రేవు అది. కృష్ణపట్నంలో ఓడలు రాకముందు గాలి ఎలా ఉండేదో ఇప్పుడు కొత్తగా కొలిచి తెలుసుకునే దారి లేదు. రామాయపట్నంలో ఆ అవకాశం ఉంది. రెండు వాయువులకు రెండు ఎనలైజర్లు, ఒక గాలిమాపకం, ఒక ఏఐఎస్ యాంటెనా కావాలి. రాకపోకలు పెరగకముందు ఒక ఏడాది రీడింగులు తీసి, ఊరి పంచాయతీ గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి.